చలికి తక్కువ ఖర్చుతో కళ్లెం
కుంపటి కన్నా పక్క కింది గోనె మేలు.. ఇంటిని సిద్ధం చేసుకునే తీరు ఇదీ

జక్రాన్‌పల్లి: కార్తీకం ప్రవేశించగానే జక్రాన్‌పల్లి మండలంలోని పల్లెల్లో రాత్రులు చల్లబడటం మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున వీచే గాలి వృద్ధులను, పసిపిల్లలను, బాలింతలను, ఉబ్బసం రోగులను వణికిస్తుంది. కొత్త రగ్గులు, విద్యుత్తు హీటర్లు కొనే స్తోమత లేని కుటుంబాలు కుంపటినో, చలిమంటనో ఆశ్రయిస్తాయి. తలుపులు బిగించిన గదిలో పెట్టిన కుంపటి ఒక్కోసారి ప్రాణాలనే బలిగొంటుంది. నిజానికి ఈ ప్రాంతపు చలిని తట్టుకోవడానికి ఇంట్లో నిప్పు అవసరం లేదు. మనిషి ఒంట్లో పుట్టే వేడి, పగటి ఎండ ఇచ్చే వేడి బయటకు పోకుండా కాపాడుకుంటే చాలు. అందుకు కావలసిన వస్తువుల్లో అధిక భాగం రైతు, కూలీ ఇళ్లలో ఇప్పటికే ఉన్నవే.

చలి ఎందుకు పెరుగుతుంది?

జిల్లాలో చలికాలం పగలు వెచ్చగానే ఉంటుంది. డిసెంబరులోనూ మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది. రాత్రి మాత్రం తరచూ 15 డిగ్రీల దిగువకు, చలి తీవ్రత ఎక్కువగా ఉన్న రోజుల్లో 10 డిగ్రీల దరికి పడిపోతుంది. మబ్బులు లేని నిర్మలాకాశం ఇందుకు ప్రధాన కారణం. పగలు వేడెక్కిన నేల, ఇంటి కప్పు రాత్రంతా తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. మబ్బులుంటే ఆ వేడిలో కొంత తిరిగి నేలకు చేరుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ఆకాశం మేఘావృతమైన రోజుల్లో చలి తగ్గినట్లు అనిపించడానికి కారణం ఇదే.

దీనికి ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలి తోడవుతుంది. గోదావరికి ఆవల ఉన్న ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల మీదుగా వచ్చే ఈ గాలికి జక్రాన్‌పల్లి, ఆర్మూరు, డిచ్‌పల్లి ప్రాంతాల్లోని మైదానపు పొలాల్లో అడ్డు తక్కువ. ఊరి నడుమ ఇళ్ల కన్నా 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, పొలాల అంచున ఒంటరిగా ఉన్న ఇళ్లకు గాలి తాకిడి ఎక్కువ. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా దిగువకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా ఇంకా ఎక్కువ తగ్గితే భారత వాతావరణ శాఖ దానిని శీతలగాలులుగా పరిగణిస్తుంది. తగ్గుదల 6.4 డిగ్రీలు మించితే తీవ్ర శీతలగాలులు అంటారు.

గుర్తించవలసిన విషయం మరొకటి ఉంది. రాత్రంతా ఒకే చలి ఉండదు. తెల్లవారుజామున మొదలుకొని సూర్యోదయం వరకు ఉష్ణోగ్రత అత్యంత దిగువన ఉంటుంది. ఏర్పాట్లన్నీ ఆ మూడు నాలుగు గంటలను దృష్టిలో ఉంచుకొని చేసుకోవాలి. శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ పోతుందన్న సామెత ప్రకారం లెక్క వేసినా ఈ జాగ్రత్తలు అవసరమయ్యేది మూడు నెలలే.

ప్రాణాంతకం కుంపటి

బొగ్గులు, పిడకలు, కట్టెలు పూర్తిగా కాలడానికి గాలి పుష్కలంగా అందాలి. మూసిన గదిలో ఆ గాలి తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించని ఎర్రటి నిప్పుల నుంచి ఇది మరింత ఎక్కువగా రావచ్చు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే స్పృహ తప్పుతారు.

పల్లెల్లో బాలింత మంచం కింద కుంపటి ఉంచే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. చలిగాలి తగలకూడదని అదే గదికి తలుపులు, కిటికీలు బిగిస్తారు. తల్లికి, శిశువుకు ఇంతకు మించిన ప్రమాదం లేదు. సాంబ్రాణి పొగ సైతం పసికందు ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. ‘పొగ తగ్గిన తర్వాతే లోపలికి తెచ్చాం’ అన్న ధీమా పనికిరాదు. నిప్పు కణిక ఉన్నంత సేపూ విషవాయువు వస్తూనే ఉంటుంది.

గదిలో నిప్పు ఉన్నప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, మత్తు కనిపిస్తే జలుబో, అజీర్ణమో అనుకోరాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఈ లక్షణాలు వస్తే విషవాయువునే అనుమానించాలి. వెంటనే తలుపులు తెరిచి అందరినీ ఆరుబయటకు చేర్చాలి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి. కుంపటితో కాళ్లూ చేతులూ కాచుకోవాలనుకుంటే వాకిట్లోనే కాచుకొని, నిప్పుపై నీళ్లు చల్లి ఆర్పిన తర్వాతే లోపలికి వెళ్లాలి.

ఇంటి కప్పును బట్టి ఉపాయం

మండలంలోని గ్రామాల్లో గూన పెంకుల ఇళ్లు, రేకుల ఇళ్లు, స్లాబు ఇళ్లు మూడూ కనిపిస్తాయి. ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త అవసరం.

రేకుల ఇల్లు: చలికి అత్యంత బలహీనమైనది ఇదే. పలుచని రేకు పగలు ఎంత త్వరగా వేడెక్కుతుందో రాత్రి అంతే త్వరగా చల్లబడుతుంది. లోపలి మనుషుల ఊపిరిలోని తేమ చల్లటి రేకుకు తగిలి నీటిబొట్లుగా మారి తెల్లవారుజామున పక్కల మీద పడుతుంది. పాత చీరలను, దుప్పట్లను కలిపి కుట్టి, రేకుకు జానెడు దిగువన చాందినీలా కట్టుకుంటే గదిలోని వేడి చాలావరకు నిలుస్తుంది. రేకుకు, బట్టకు మధ్య నిలిచిన గాలి అక్కడ దుప్పటిలా పనిచేస్తుంది. బట్ట రేకుకు ఆనితే ఈ ప్రయోజనం ఉండదు, తడిసి ముద్దవుతుంది. పొయ్యి, దీపం, బల్బు ఉన్న వైపు చాందినీ కట్టరాదు. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. వాటికి రంధ్రాలు చేయడం, కోయడం, గీకడం వల్ల లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరం. తాళ్లను గోడల్లోని మేకులకు లేదా దూలాలకు కట్టుకోవాలి.

పెంకుటిల్లు: మట్టి గోడలు, గూన పెంకులు వేడిని నెమ్మదిగా వదులుతాయి. అయితే పెంకుల సందుల్లోంచి, గోడకు కప్పుకు మధ్య ఖాళీలోంచి చలిగాలి చొరబడుతుంది. కోతుల వల్ల పెంకులు కదలడం పల్లెల్లో సర్వసాధారణం. చలి ముదరకముందే పెంకులు సర్దించుకోవాలి. పడుకునే చోటికి పైన చాందినీ కడితే గాలితోపాటు దుమ్ము కూడా రాలదు.

స్లాబు ఇల్లు: పగటి వేడి స్లాబులో, గోడల్లో నిల్వ ఉండి రాత్రి పొద్దుపోయే వరకు లోపలికి వస్తుంది. ఇక్కడ చిక్కంతా నేలతోనే. నాపరాళ్లు, టైల్స్, మార్బుల్ పరిచిన నేల కాలికి, ఒంటికి తగిలితే వేడిని వెంటనే లాగేస్తుంది. గల్ఫ్ సంపాదనతో కట్టిన పెద్ద ఇళ్లలో వృద్ధ దంపతులే ఉండే కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. అలాంటి చోట అన్ని గదులనూ వాడక, దక్షిణం వైపున్న చిన్న గదిని రాత్రి పడకకు ఎంచుకుని మిగతా వాటి తలుపులు మూసి ఉంచడం మేలు.

సందులు మూయాలి.. గాలికి దారి ఉంచాలి

గదిలోని వేడిని తోడేసేది ముఖ్యంగా సందుల్లోంచి దూరే గాలి. తెల్లవారుజామున తలుపు అంచుల వద్ద అరచేయి పెట్టి చూస్తే అది ఎక్కడ నుంచి వస్తున్నదో తెలిసిపోతుంది.

* తలుపు కింద సందుకు పాత చీరను గొట్టంలా కుట్టి, అందులో ఇసుక లేదా ఊక నింపి అడ్డుగా పెట్టాలి.

* కిటికీ రెక్కల పగుళ్లకు పాత వార్తాపత్రికలను మైదా గంజితో రెండు మూడు పొరలుగా అతికించాలి. వేసవిలో తడిపితే ఊడి వస్తాయి.

* అద్దాలు పగిలిన కిటికీకి అట్టపెట్టె ముక్కను కోసి బిగించాలి. అట్ట మడతల మధ్య గాలి ఉంటుంది కనుక వేడి తేలిగ్గా పోదు.

* తలుపునకు లోపలి వైపు గోనె పరదా వేలాడదీయాలి. అది నేలను తాకేంత పొడవుండాలి.

* వరి ఆరబెట్టడం ముగిసిన తర్వాత తాడిపత్రులు ఖాళీగా ఉంటాయి. పసుపు ఉడికించి ఆరబోసే రోజులు వచ్చేదాకా వాటిని వరండాకు ఉత్తరం, తూర్పు దిక్కుల్లో తెరగా కట్టుకోవచ్చు.

అన్ని దారులూ మూసేయడం మాత్రం తప్పు. ఒకే గదిలో నలుగురైదుగురు పడుకునే ఇళ్లలో గాలి మారకపోతే దగ్గు, జలుబు, క్షయ వంటివి ఒకరి నుంచి మరొకరికి సోకుతాయి. చలిగాలి నేరుగా తగలని దక్షిణం లేదా పడమటి గోడకు, కప్పుకు దగ్గరగా ఉన్న వెంటిలేటరును తెరిచే ఉంచాలి.

పైన కప్పుకునేది కాదు.. కింద పరిచేది ముఖ్యం

చలికి చాలామంది పైన దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటారు. కింద ఒక్క చాపే ఉంటుంది. మనిషి బరువుకు చాప నలిగి నేల చల్లదనం నేరుగా వీపునకు, నడుముకు చేరుతుంది. నేల మీద పడుకునేవారు అడుగున రెండు గోనె సంచులు, వాటిపై చాప, చాపపై బొంత పరుచుకోవాలి. నవారు, నులక మంచాలపై పడుకునేవారికి కింది నుంచి గాలి తగులుతుంది. వారు కూడా అల్లికపై గోనె, దానిపై మందపాటి బొంత వేసుకోవాలి. అప్పుడు పైన ఒక దుప్పటి తక్కువైనా చలి తెలియదు.

పత్తి, వరి సంచుల్లో శుభ్రమైనవి పరుపులకు వాడవచ్చు. పురుగుమందు లేదా ఎరువు నింపిన సంచులను ఎంత కడిగినా పడకకు వాడరాదు. వరిగడ్డిని సంచుల్లో నింపి కుట్టుకుంటే మంచి పరుపు అవుతుంది. అయితే గడ్డి పూర్తిగా ఎండి ఉండాలి. తేమ ఉంటే బూజు పట్టి ఉబ్బసం రోగులకు ఇబ్బంది కలుగుతుంది. వారానికోసారి ఎండలో దులిపి, తేళ్లు, ఎలుకలు చేరకుండా చూసుకోవాలి. గడ్డి పరుపున్న గదిలో బీడీ, చుట్ట, అగరువత్తి, దోమల చుట్ట వెలిగించరాదు.

బొంత, గొంగడి, రగ్గు

దుప్పటిలో వేడి ఉండదు. దాని పొరల మధ్య నిలిచిన గాలే శరీరపు వేడిని ఆపుతుంది. ఈ సూత్రం తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో ఇట్టే తెలుస్తుంది.

బొంత: అరిగిన నూలు చీరలు ఐదారింటిని పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత సిద్ధమవుతుంది. సూది, దారం ఖర్చు తప్ప మరేమీ లేదు. నూలు చీరలు పైన, కింద ఉంచి, నైలాన్, పాలిస్టర్ చీరలను మధ్యలో పెట్టుకుంటే ఒంటికి మెత్తగా ఉంటుంది. బరువైన ఒక్క బొంత కన్నా పలుచని రెండు బొంతలు మెరుగు. వాటి మధ్య మరో గాలి పొర చేరుతుంది, ఉతకడమూ తేలిక.

దూది రజాయి, పరుపు: ఏళ్ల తరబడి వాడిన దూది గడ్డకట్టి గాలిని నిలపలేదు. కొత్తది కొనడానికి బదులు దూదేకులవారి వద్ద పాత దూదినే ఏకించుకుంటే తిరిగి పొంగుతుంది. కొంత దూది తరుగు పోయినా కొత్త రజాయి ధర కన్నా ఖర్చు తక్కువ అవుతుంది.

గొంగడి: తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా చలికి, వానకు రక్షణ గొంగడే. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో కురుమలు దీనిని నేస్తారు. పడుగు దారానికి చింతగింజల గంజి పట్టించడం ఈ నేతలో ప్రత్యేకత. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. అందుకే మంచు కురిసే పొలాల్లో కాపలా ఉండేవారికి, గొర్రెల మందల వద్ద పడుకునేవారికి ఇది సాటిలేనిది. ఉన్ని త్వరగా మండదు కూడా. ఉన్ని ఇవ్వని నెల్లూరు రకం గొర్రెలు పెరగడంతో దక్కనీ మందలు, వాటితోపాటు గొంగడి నేత తగ్గుతూ వచ్చాయి. ఇంట్లో తాతల నాటి గొంగడి ఉంటే పారేయకుండా ఎండబెట్టి, వేపాకు వేసి భద్రపరచుకోవడం మంచిది. ఒంటికి గుచ్చుకోకుండా కింద నూలు దుప్పటి వేసుకుని దానిపై గొంగడి కప్పుకోవాలి.

గల్ఫ్ రగ్గులు: దుబాయి, మస్కట్, సౌదీ నుంచి వచ్చేవారు తెచ్చిన మందపాటి రగ్గులు అనేక ఇళ్లలో బీరువాల్లో, పెట్టెల్లో మడత విప్పకుండానే ఉంటాయి. వచ్చే అతిథుల కోసం దాచిన ఆ రగ్గు తాతకో, అవ్వకో ఉపయోగపడితే కొత్తది కొనే పని ఉండదు. ఇవి సింథటిక్ బట్టవి కనుక మంటకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. చలిమంట వద్ద కప్పుకుని కూర్చోరాదు.

ఎండే ఉచిత హీటర్

చలికాలంలో సూర్యుడు దక్షిణ దిశకు వాలి ప్రయాణిస్తాడు. డిసెంబరు 21, 22 తేదీల్లో నిజామాబాద్ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఫలితంగా దక్షిణం వైపు కిటికీలు, గోడలకు ఎండ బాగా తగులుతుంది. ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3, 4 గంటల వరకు ఆ వైపు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచి, నీడ పడకముందే మూసేస్తే పగటి వేడి గోడల్లో నిలుస్తుంది. ఎక్కువ మంది సాయంత్రం దీపాలు పెట్టే వేళ వరకు తలుపులు బార్లా తెరిచి, చల్లబడిన తర్వాత మూస్తారు. అప్పటికే లోపలి వేడి పోయి ఉంటుంది.

బొంతలు, దుప్పట్లు, దిండ్లను ప్రతిరోజు రెండు గంటలైనా ఎండలో వేయాలి. రాత్రి పీల్చుకున్న చెమట, తేమ ఆరిపోయి దూది విచ్చుకుంటుంది. పొద్దు వాలకముందే మడిచి లోపల పెట్టాలి. మంచు పడిన తర్వాత తీస్తే ఎండబెట్టిన ఫలితం దక్కదు.

స్నానానికి వేడినీళ్లు: లెక్క ఇదీ

బకెట్ నిండా 20 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడి చేయడానికి దాదాపు అర యూనిట్ విద్యుత్తు కావాలి. 1,500 వాట్ల రాడ్‌తో దాదాపు 20 నిమిషాలు పడుతుంది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు 75 యూనిట్లు అవుతుంది. నల్ల రంగు పూసిన డబ్బాలో లేదా నల్లని డ్రమ్ములో నీళ్లు నింపి ఉదయం నుంచి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి గోరువెచ్చనవుతాయి. వృద్ధులు, పిల్లలు తెల్లవారుజామున కాక ఆ వేళకు స్నానం చేస్తే రాడ్ అవసరం ఉండదు. ఊక పొయ్యి, కట్టెల పొయ్యిపై కాగు పెట్టే ఇళ్లలో అది ఆరుబయటే ఉండాలి.

రాడ్ వాడేవారు ప్లాస్టిక్ బకెట్‌నే వాడాలి. రాడ్‌ను నీటిలో ఉంచిన తర్వాతే స్విచ్ వేయాలి. ప్లగ్ తీసిన తర్వాతే నీటిలో చేయి పెట్టాలి. వేడెక్కిందా లేదా అని స్విచ్ ఉండగానే వేలు ముంచి చూడటం వల్ల విద్యుదాఘాతానికి గురయ్యే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో ఆ గదికి గొళ్లెం పెట్టాలి.

గది హీటరు పరిస్థితి మరీ ఖరీదు. 1,000 వాట్ల హీటరు రాత్రికి 8 గంటలు వేస్తే 8 యూనిట్లు, నెలకు 240 యూనిట్లు ఖర్చవుతుంది. 2024 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకే ఉచితం. హీటరు ఒక్కటే ఆ పరిమితిని దాటిస్తుంది. గోనె సంచి, చాందినీ ఇచ్చే ఫలితానికి ఇంత మూల్యం అనవసరం.

పసిబిడ్డకు తల్లి ఒడే వెచ్చదనం

అప్పుడే పుట్టిన శిశువు శరీరం వేడిని నిలుపుకోలేదు. నెలలు నిండకుండా, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినవారికి ముప్పు మరీ ఎక్కువ. పుట్టిన తర్వాత కనీసం 24 గంటల వరకు స్నానం చేయించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. కుంపటికి బదులు కంగారూ పద్ధతి సురక్షితం. శిశువుకు టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి చుట్టాలి. తల్లికి వీలు కానప్పుడు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఇలా ఎత్తుకోవచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు. శిశువు ముఖంపై దుప్పటి పడకుండా చూసుకోవాలి.

పాదాలు, పొట్ట రెండూ చల్లగా తగలడం, పాలు సరిగా తాగకపోవడం, ఏడుపు బలహీనంగా ఉండటం, మందకొడిగా పడి ఉండటం ప్రమాద సూచనలు. ఆశా కార్యకర్తకు తెలిపి, బిడ్డను ఒంటికి హత్తుకునే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వృద్ధులు, రోగులు, కార్మికులు

చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఉన్నవారు పొద్దు పొడిచి కాస్త వెచ్చబడిన తర్వాతే నడకకు వెళ్లాలి. రాత్రి మూత్రానికి లేచే వృద్ధులకు మంచం పక్కనే చెప్పులు, తల రుమాలు, శాలువా ఉంచాలి. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల దిగువకు పడితే మాట తడబడటం, మత్తు, అయోమయం కనిపిస్తాయి. అలాంటివారికి తడి బట్టలు మార్చి, పొడి దుప్పట్లు చుట్టి, స్పృహ ఉంటేనే వెచ్చని పాలు, చాయ్ తాగించాలి. కల్లు, సారా తాగితే వెచ్చగా అనిపించినా ఒంట్లోని వేడి చర్మం ద్వారా త్వరగా బయటకు పోతుంది.

చాట ఒడిలో పెట్టుకుని గంటల తరబడి నేలపై కూర్చునే బీడీ కార్మికులకు నడుము, మోకాళ్ల నొప్పులు చలికాలంలో పెరుగుతాయి. గోనెపై నాలుగు మడతల బొంత వేసుకుని, ఎండ తగిలే వాకిట్లో కూర్చోవడం మేలు. చలి అని తలుపులు మూసి పనిచేస్తే పొగాకు ధూళి గదిలోనే నిలిచి దగ్గు, ఆయాసం తెస్తుంది. యాసంగి నాట్లకు చల్లటి బురదలో దిగే మహిళలు పని ముగియగానే కాళ్లు కడిగి, పూర్తిగా తుడుచుకొని, కొబ్బరినూనె రాసుకుంటే మడమల పగుళ్లు తగ్గుతాయి.

బోధన్ ప్రాంతంలో నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తర్వాత చెరకు సాగు తగ్గింది. సాగు ఉన్న చోట కోత కూలీలు పొలాల్లోనే గుడిసెలు వేసుకుంటారు. ఎండిన చెరకు ఆకు చలిని బాగానే ఆపుతుంది. కానీ ఒక్క నిప్పురవ్వ చాలు గుడిసె బూడిద కావడానికి. వంట పొయ్యిని గుడిసెలకు దూరంగా, గాలి వాలుకు దిగువన ఏర్పాటు చేసుకోవాలి.

చలిమంట వేస్తే..

కూడలిలో, వాకిట్లో చలిమంట పల్లెకు కొత్త కాదు. గడ్డివాములు, పత్తికట్టె కుప్పలు, పశువుల కొట్టాలు, విద్యుత్తు తీగలకు దూరంగా వేయాలి. టైర్లు, ప్లాస్టిక్, పురుగుమందు డబ్బాలు కాల్చితే విషపు పొగ వస్తుంది. భోగి మంటలకూ ఇదే వర్తిస్తుంది. చీర కొంగు, చున్నీ నడుముకు చుట్టుకోవాలి. లేచి వెళ్లేటప్పుడు నీళ్లు పోసి మట్టి కప్పాలి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. పేస్టు, సిరా, పసుపు పూయరాదు.

ఖర్చును బట్టి వరుస

* పైసా ఖర్చు లేనివి: పొద్దు వాలకముందే కిటికీలు మూయడం, పక్కలను ఎండబెట్టడం, దక్షిణపు గదికి పడక మార్చడం, దాచిన రగ్గులు బయటకు తీయడం, మధ్యాహ్నం స్నానం.

* స్వల్ప ఖర్చు: తలుపు సందులకు ఇసుక గొట్టం, కిటికీలకు కాగితం, పడక కింద గోనె సంచులు, చాందినీ, పాత చీరల బొంత.

* కొంత ఖర్చు: పెంకులు సర్దించడం, దూది ఏకించడం, వృద్ధులకు ఉన్ని టోపీ, మేజోళ్లు, ఒక మంచి దుప్పటి.

ఇంట్లో ఒక్కరికే కొత్త దుప్పటి కొనగలిగితే అది ముందుగా పసిబిడ్డ తల్లికో, వయసు మీరినవారికో దక్కాలి. అత్యవసర వేళ అంబులెన్సుకు 108, అగ్నిమాపక కేంద్రానికి 101, ఏ సహాయానికైనా 112 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.